కవిత్వం పేపరు, అన్ని డిపార్ట్‌మెంట్లకూ: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఒక యూనివర్సిటీలో కొన్నేళ్లుగా కవిత్వం ఎలక్టివ్ చెబుతున్నాను. ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లయినా తీసుకోవచ్చు. ఏటా అడ్మిషన్ల వేళకు అవే ప్రశ్నలు వస్తాయి, కారిడార్‌లోనో వాట్సాప్‌లోనో. ఒక్కోసారి పిల్లల బదులు తల్లిదండ్రులే ఫోన్ చేస్తారు. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, నేను మామూలుగా చెప్పే జవాబులు కింద పెడుతున్నాను. కొన్నింటికి ఒక్క ముక్క చాలు, కొన్నింటికి కాస్త కూర్చోవాలి.

నేను మెకానికల్. కవిత్వంతో నాకేం పని సార్?

పని ఉండి తీరాలని రూలేమీ లేదు. కానీ మెషిన్ డ్రాయింగ్ చూసేటప్పుడు మీరు ఏం చేస్తారు? ఏ ముక్క దేనికి ఆనుకుని ఉంది, ఏది తీస్తే ఏది ఊడుతుంది అని చూస్తారు. పద్యాన్నీ అలాగే చూడమంటాను. ఒక మాట పీకి పక్కన పెట్టండి, మిగతాది నిలబడుతుందేమో చూడండి. తెలుగు ఎం.ఏ. వాళ్లకు ఇది చేయాలంటే మొహమాటం, పద్యమంటే భక్తి కదా. మీకు ఆ మొహమాటం ఉండదు. అందుకే మెకానికల్ వాళ్లంటే నాకు కాస్త ఇష్టం ఎక్కువ.

ఇంకో సంగతి. పద్యం ఒక గదిలో, సైన్సు ఇంకో గదిలో అనేది మన దగ్గర పాతకాలపు ఏర్పాటు కాదు. 1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతి లెక్కల పుస్తకం, అదంతా పద్యాల్లోనే ఉంది. వాగ్భటుడి అష్టాంగహృదయం వైద్యగ్రంథం, అదీ అంతే. తెలుగులో పావులూరి మల్లన ఏకంగా మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి దించాడు. పుస్తకం ఊరికి ఒకటైనా దొరకని రోజుల్లో లెక్క గుర్తుండాలంటే అది నోటికి రావాలి. నోటికి రావాలంటే లయ ఉండాలి.

ఇది పార్ట్ 1 తెలుగుకు బదులా?

కాదు. పార్ట్ 1 భాష మీకు ఎలాగూ ఉంటుంది, అది తమిళమైనా తెలుగైనా హిందీ అయినా. ఇది దాని మీద అదనం.

మాది చెన్నైలో తెలుగు ఇల్లే. మాట్లాడతాను, చదవడం రాదు. చేరవచ్చా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు తలవంచుకుని అడుగుతారు, అది చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇందులో సిగ్గుపడేదేం లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా వచ్చింది. ఆ దారిలో చదువుకున్న తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంటి భాషగా మిగిలింది, లిపి జారిపోయింది.

చేరండి. మీకు నష్టం లేదు సరికదా, ఒక లాభం కూడా ఉంది. ఒక ఏడాది క్లాసులో ఇద్దరు అబ్బాయిలు పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఒకతను గుంటూరు నుంచి వచ్చాడు, ఇంటర్‌లో తెలుగుకు మంచి మార్కులు. రెండో అతనిది ఇక్కడే పెరంబూరు, ‘వస్తా ఉండా, పోతా ఉండా’ అనే తెలుగు, లిపి ఒక్క అక్షరం రాదు. ఒక పద్యం పైకి చదివి, ఎక్కడ బరువు పడిందో బల్ల మీద తట్టమన్నాను. గుంటూరు అబ్బాయి కాగితం చూసి దీర్ఘాలకు మాత్రం గట్టిగా తట్టాడు, ఒత్తుల ముందు అక్షరాల దగ్గర తప్పాడు. పెరంబూరు అబ్బాయి కళ్లు మూసుకుని తట్టాడు, ఒక్కటీ తప్పలేదు. ఎలా వచ్చిందిరా అంటే ‘మా అవ్వ ఇట్లనే చెప్తా ఉండె సార్’ అన్నాడు. గురువు అంటే పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం, లఘువు అంటే తక్కువసేపు పట్టేది. ఇవి కంటికి సంబంధించినవి కావు, చెవికి సంబంధించినవి. కన్ను అలవాటైనవాళ్లు చెవిని పక్కన పెట్టేస్తారు.

లిపి కావాలంటే మొదటి నెలలో శనివారాలు పొద్దున నేర్పిస్తాం. తమిళం చదవడం వచ్చినవాళ్లకు అచ్చుల గుర్తుల పద్ధతి ముందే తెలుసు కాబట్టి పెద్ద కష్టం కాదు. ఒత్తులు మాత్రం కొన్నాళ్లు ఏడిపిస్తాయి.

ఛందస్సు తప్పనిసరా? వింటేనే టెన్షన్‌గా ఉంది.

ఒక్క ఆటవెలది తప్పనిసరి. మిగతావి మీ ఇష్టం. ఆటవెలదే ఎందుకంటే, వేమన పద్యాల పుణ్యమా అని దాని ఊపు తెలుగువాళ్ల చెవిలో ముందే ఉంది. పేరే మనకు కొత్త.

దానికి కావలసినవి రెండు రకాల గణాలు, అంటే గురులఘువుల చిన్న గుంపులు. సూర్యగణాలు రెండు: మూడు లఘువులు ఒకటి, గురువు పక్కన లఘువు ఇంకొకటి. ఇంద్రగణాలు ఆరు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. మూడో పాదం మొదటిదానిలా, నాలుగోది రెండోదానిలా. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. దాన్ని యతి అంటాం. అంతే, ఇంతకన్నా ఏమీ లేదు.

బయోటెక్ అమ్మాయి ఒకతె ఆలస్యంగా క్లాసుకు వచ్చి, లోపలికి రానివ్వమని అడగడానికి రాసిన పద్యం ఇది:

ఎండ మండుచుండ నెగ్మూరు వీధిలో
బస్సు కొరకు నిలిచి బాధ పడితి
తమిళ బోర్డు చదివి తప్పు బస్సెక్కితి
క్లాసు చేరుసరికి కాఫి వేళ

రెండో పాదం చూడండి. బస్సు: గురువు, లఘువు. కొరకు: మూడు లఘువులు. నిలిచి: మూడు లఘువులు. బాధ: గురువు, లఘువు. పడితి: మూడు లఘువులు. ఐదు సూర్యగణాలు. బస్సులోని ‘బ’కు బాధలోని ‘బా’ జత. ‘క్లాసు’కు ‘కాఫి’ జత కుదరడం అదృష్టమా తెలివా అని అడిగితే ఆకలి అంది. లోపలికి రానిచ్చాను, అటెండెన్స్ కూడా వేశాను.

ఈ పద్యానికే ఇంకో కథ ఉంది. తర్వాతి ఏడాది దీన్ని జిరాక్స్ తీయించి పంచితే, కాగితం మడత పడిన చోట ‘బా’ అచ్చు కాలేదు. ‘నిలిచి’ తర్వాత ఖాళీ, ఆ పక్కన ‘ధ పడితి’. నేను గమనించలేదు. వెనక బెంచీలో ఎలక్ట్రానిక్స్ అబ్బాయి చెయ్యెత్తాడు. ‘సార్, అక్కడ ఒక అక్షరం పోయింది, అది గురువు కావాలి, ఎందుకంటే మిగిలింది ఒక లఘువు. యతి స్థానం కాబట్టి ప, ఫ, బ, భ, వల్లో ఏదో ఒకటి కావాలి, దానికి ఆ లేదా ఆ జాతి అచ్చు ఉండాలి. పాధ లేదు, భాధ తప్పు, వాధ లేదు. బాధ.’ అని, కాస్త ఆగి, ‘ఇది ఎర్రర్ కరెక్షన్ కదా సార్, మాకు ఈ సెమిస్టర్‌లో ఉంది’ అన్నాడు.

నిజమే కదా. తాళపత్రంలో పాదం విరగ్గొట్టి కొత్త వరుసలో రాసే అలవాటు లేదు, పదాల మధ్య ఖాళీ లేదు. ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా అక్షరాలే అక్షరాలు. పురుగు ఒక అక్షరం తింటే పట్టించేది గణం, యతి, ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం), ఇవే. ఇన్నేళ్లు యతిప్రాసలను అలంకారాల్లా చెప్పిన నాకు, అవి కాపలాదార్లు కూడా అని ఆ అబ్బాయి చెప్పాక తట్టింది.

లెక్కల డిపార్ట్‌మెంట్ వాళ్లకు ఇందులో ఏముంది?

చాలా ఉంది. ఎంత ఉందంటే, లెక్కలవాళ్లు వచ్చిన ఏడాది సిలబస్ పూర్తి కాదు.

కందపద్యం గణాలు తీసుకోండి. ప్రతి గణానికీ నాలుగు మాత్రలు ఉండాలి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా నింపవచ్చు? రెండు గురువులు, గురువు ముందు ఉంటే ఒకటి, మధ్యలో ఉంటే ఒకటి, చివర ఉంటే ఒకటి, అన్నీ లఘువులైతే ఒకటి. మొత్తం ఐదు. కందంలో వాడే గణాల పేర్లు, ఇదే వరుసలో, గగ, భ, జ, స, నల. సరిగ్గా ఐదు. ఇప్పుడు మూడు మాత్రలకు చూస్తే మూడు రకాలు వస్తాయి, ఐదు మాత్రలకు ఎనిమిది, ఆరుకు పదమూడు. 3, 5, 8, 13 అని బోర్డు మీద రాయగానే లెక్కల పిల్లలు ‘ఫిబొనాచీ!’ అని అరుస్తారు. కారణం తేలికే. చివరి అక్షరం లఘువైతే దాని ముందు ఒక మాత్ర తక్కువ ఉన్న వరుస, గురువైతే రెండు మాత్రలు తక్కువ ఉన్న వరుస. అందుకే వెనకటి రెండూ కూడితే తర్వాతిది. ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. జైన పండితుడు హేమచంద్రుడు ఈ సంఖ్యలను ఛందస్సు కోసం అంతకు సుమారు యాభై ఏళ్ల ముందే చెప్పాడు, విరహాంకుడు ఇంకా కొన్ని శతాబ్దాల ముందు చెప్పాడు. ఇటలీలో అతనిది కుందేళ్ల సంతతి లెక్క, ఇక్కడ మనది గురులఘువుల లెక్క.

‘యమాతారాజభానసలగం’ అని బడిలో బట్టీ పట్టించి ఉంటారు, గణాలు గుర్తుండటానికి. అందులో పది అక్షరాలు. మొదటి నుంచి ఒక్కో అక్షరం జరుగుతూ వరుసగా మూడేసి తీసుకుంటూ పోండి, మూడక్షరాల గణాలు ఎనిమిదీ వస్తాయి, ఒక్కటీ రెండోసారి రాదు. కంప్యూటర్ సైన్స్‌లో దీన్ని డి బ్రౌన్ వరుస అంటారు. నాకు ఆ పేరు నా విద్యార్థులే చెప్పారు.

ఒక స్టాటిస్టిక్స్ అమ్మాయి పరీక్షలో నేనడగని ప్రశ్నకు జవాబు రాసింది: అసలు ఆటవెలదికి ఎన్ని నడకలు సాధ్యం? మొదటి పాదానికి 2×2×2×6×6, అంటే 288. రెండో పాదానికి 32. రెండూ కలిపి 9,216. మిగతా సగం కూడా అంతే కాబట్టి ఆ సంఖ్యను దానితోనే హెచ్చిస్తే 8,49,34,656. ఎనిమిదిన్నర కోట్లకు కాస్త తక్కువ, అదీ ఒక్క మాట కూడా వేయకముందు. కింద ఒక వాక్యం రాసింది: ‘ఇన్ని ఉండగా కవి ఈ ఒక్కదాన్ని ఎందుకు ఎంచుకున్నాడు అనేది నా సబ్జెక్టుతో తేలదు.’ ఆ వాక్యానికే పూర్తి మార్కులు వేశాను.

కంప్యూటర్ సైన్స్ వాళ్లం. ప్రాజెక్టుగా ఏం చేయవచ్చు?

గురులఘువులు గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాయండి. తేలికనిపిస్తుంది, కాదు. ‘స్త్రీ’ అన్నది మన చెవికి ఒక అక్షరం. యూనికోడ్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అక్షరాలు లెక్కపెట్టమంటే కంప్యూటర్ ఆరు అంటుంది. ముందు దానికి అక్షరమంటే ఏమిటో నేర్పాలి, ఆ తర్వాత ఒత్తు తన ముందు అక్షరాన్ని గురువు చేస్తుందని నేర్పాలి, ఆ తర్వాత ఎక్కడెక్కడ చేయదో నేర్పాలి. ఆ మూడో మెట్టు దగ్గర చాలామంది వచ్చి నా రూమ్ తలుపు కొడతారు.

చరిత్ర కావాలంటే 1913కు వెళ్లండి. రష్యాలో మార్కోవ్ అనే గణితవేత్త పుష్కిన్ పద్యకావ్యంలో 20,000 అక్షరాలు చేత్తో లెక్కపెట్టాడు, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు వస్తోందో చూడటానికి. మీరు చదివే మార్కోవ్ చెయిన్‌లకు తొలి ప్రయోగం ఒక పద్యకావ్యం మీదే జరిగింది.

ఏఐతో పద్యం రాయించి ఇవ్వవచ్చా?

ఇవ్వండి. కానీ దాన్ని బోర్డు మీద మీరే గణవిభజన చేయాలి, అందరి ముందూ. ఇప్పటిదాకా మా క్లాసుకు తెచ్చినవాటిలో చాలావరకు యతి దగ్గర బోల్తా పడ్డాయి. కుదిరినవి ఎలా ఉన్నాయంటారా, గణాలు సరిపోయాయి, ఎగ్మూరు ఎండ మాత్రం లేదు.

మెడికల్, లైఫ్ సైన్స్ వాళ్లు?

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ వచ్చింది. కనిపెట్టిన సంబరంలో ఆయన రాసుకున్నవాటిలో ఒక పద్యం కూడా ఉంది. గొప్ప పద్యమని నేననను. కానీ మైక్రోస్కోప్ ముందు రోజుల తరబడి కూర్చున్న మనిషికి, రిపోర్టులో పట్టనిది ఏదో మిగిలింది కదా, అది ఏమిటని అడుగుతాను.

మెడికల్ వాళ్లకు అసలు ఉపయోగం వేరే ఉంది. పేషెంటు ‘గుండెల్లో బరువుగా ఉంది’ అన్నప్పుడు అది ఛాతీ నొప్పా, దిగులా, రెండూనా? పేషెంటు వాడిన మాట మార్చకుండా వినడం ఒక అలవాటు. పద్యాన్ని మీ మాటల్లోకి మార్చకుండా పదే పదే చదవడం దానికి మంచి సాధన.

సంగీతం విద్యార్థిని. నాకు తెలుగు రాదు, త్యాగరాజ కృతులు పాడతాను.

మీలాంటివాళ్లే ఈ ఊళ్లో ఎక్కువ. డిసెంబరు కచేరీల్లో వినిపించే తెలుగంత తెలుగు చెన్నైలో మిగతా పదకొండు నెలల్లో వినపడదు, పాడేవాళ్లలో చాలామందికి అది ఇంటి భాష కాదు. తాళం దగ్గర పదం ఎక్కడ విరుగుతోందో చూడటం మీ ప్రాజెక్టు. సమాసాన్ని తప్పు చోట విరిస్తే అర్థం తలకిందులవుతుంది, ఒక్కోసారి స్తుతి కాస్తా తిట్టవుతుంది. మీరు పాడండి, ఎక్కడ విరిగిందో తెలుగు పిల్లలు చెప్తారు. ఎందుకు విరిగిందో, అక్కడ విరవక తప్పదో కాదో మీరు చెప్పాలి. ఈ క్లాసు రోజు పక్క గదులవాళ్లు కూడా గుమ్మం దగ్గరికి వస్తారు.

క్లాసులో తమిళ, కన్నడ, మలయాళీ విద్యార్థులు కూడా ఉంటారా? అప్పుడు చెప్పేది ఏ భాషలో?

ఉంటారు. ఏ భాషలో అంటే, అన్ని భాషల్లో. మొదట్లో నేను దీనికి భయపడ్డాను. ఇప్పుడు ఒక్క భాష వాళ్లే ఉన్న క్లాసంటే చప్పగా అనిపిస్తుంది.

ప్రాస చెప్పే రోజు చూడాలి. పాదాల్లో రెండో అక్షరం ఒకటే ఉండాలి అని తెలుగు పిల్లలకు చెబితే ‘రెండోదే ఎందుకు?’ అంటారు, సినిమా పాటలకు అలవాటైన చెవికి చివరి అక్షరం కలవాలి కదా. తమిళ పిల్లలు మాత్రం వెంటనే ‘ఎదుగై’ అంటారు. వాళ్ల పద్యాల్లోనూ రెండో అక్షరమే కలుస్తుంది, బడిలోనే నేర్చుకుని వస్తారు. యతి చెప్పగానే ‘మోనై’ అంటారు, మొదటి అక్షరాల జత. కన్నడ అమ్మాయి ‘మాకూ ద్వితీయాక్షర ప్రాస ఉంది’ అంటుంది. సంస్కృతంలో ఈ రెండో అక్షరం పట్టుదల లేదు. ఉత్పలమాల గణాలు సంస్కృతం నుంచి వచ్చాయి, దానికి రెండో అక్షరం ప్రాస పెట్టింది దక్షిణాది చెవి. ఈ నాలుగు ముక్కలు నేను ఉపన్యాసంగా చెబితే నిద్రపోతారు. పక్కపక్క బెంచీల నుంచి వస్తే లేచి కూర్చుంటారు.

ఈ భాషలు ఒక కుటుంబమని మొదట రాతపూర్వకంగా చూపించింది కూడా ఈ ఊళ్లోనే. ఇక్కడ కంపెనీ ఉద్యోగి ఎల్లిస్ దొర 1816లో తెలుగు వ్యాకరణం ఒకదానికి రాసిన ముందుమాటలో. ద్రావిడ భాషలను పోల్చి కాల్డ్‌వెల్ రాసిన పేరున్న వ్యాకరణానికి అది 40 ఏళ్లు ముందు. లింగ్విస్టిక్స్ వాళ్లకు ఆ ముందుమాట చదవడం తప్పనిసరి.

నేను విద్యార్థిని కాను, వేరే సబ్జెక్టు లెక్చరర్‌ని. మా క్లాసులో కవిత వాడాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సహోద్యోగితో కలిసి కరువు మీద ఒక క్లాసు తీసుకున్నాను. మొదటి స్లైడ్ మీద ఒక పద్యం పెట్టాం, చదివాం, బాగుంది అనుకున్నాం. ఆ తర్వాత 50 నిమిషాలు వర్షపాతం, భూగర్భ జలం, గ్రాఫులు. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒక అమ్మాయి లేచి ‘ఆ పద్యం ఎందుకు పెట్టారు సార్?’ అంది. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. పద్యాన్ని కూరలో కరివేపాకు చేశాం.

మరుసటి ఏడాది పద్ధతి మార్చాం. మొదటి పావుగంట ఎవరూ ఏమీ వివరించకూడదు. పద్యాన్ని ముగ్గురు, మూడు గొంతుల్లో పైకి చదవాలి. ఆ తర్వాత సైన్సు మాస్టారు తనకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడగాలి. తెలిసిన ప్రశ్న అడిగితే పద్యం మళ్లీ ఉదాహరణ అయిపోతుంది.

ఒకసారి ప్రాచీన తమిళ సంగం కవితల మీద తమిళం, బోటనీ, మేము కలిసి కూర్చున్నాం. వాటిలో నేల ఐదు రకాలు, కొండకు కురింజి, అడవికి ముల్లై, పొలానికి మరుదం, తీరానికి నెయ్‌దల్, ఎండిన నేలకు పాలై. ప్రతి నేలకూ దాని పువ్వు, దాని ప్రేమావస్థ. వాటి సంకలనం కురుంతొగైలో ఒక కవితలో ఒకమ్మాయి, నల్లకాడల కురింజి పూల తేనె తీసే కొండదేశపు వాడి మీద తన ప్రేమ భూమి కన్నా పెద్దది అంటుంది. తమిళం మేడమ్ చదివారు, మళ్లీ చదివారు. అప్పుడు బోటనీ సార్ నీలకురింజి పన్నెండేళ్లకు ఒకసారి పూస్తుందని, మున్నార్ కొండల్లో 2018లో విరగబూసిందని చెప్పారు. అంతే, క్లాసు కాసేపు నిశ్శబ్దం. పన్నెండేళ్లకోసారి దొరికే తేనె అన్నమాట అని ఒకరు. మరి మిగతా పదకొండేళ్లు తేనెటీగలు ఏం చేస్తాయి అని ఇంకొకరు. కవిత చెప్పింది ఈ కురింజి జాతేనా, ఆ పేరున్న ఇంకోటా అని బోటనీ సార్‌కే అనుమానం. బెల్లు కొట్టాక కూడా వరండాలో అదే గొడవ.

స్లైడ్లు వద్దు. ఆ రోజుకు ఒక్క కవిత చాలు.

తాళపత్రాలు నిజంగా చూడవచ్చా?

చూడవచ్చు. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఇక్కడే ఉంది, 1869 నుంచి. ఇప్పుడు కోట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయ భవనంలో. కంపెనీ కాలపు దొరలు మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరణల్లో చాలావి అందులోవే. 1817లో మద్రాసులో దిగిన బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పోల్చి రాయించేవాడు. ఇందాకటి ఎలక్ట్రానిక్స్ అబ్బాయి పద్ధతే, పెద్ద ఎత్తున.

ఏటా ఒకసారి తీసుకెళ్తాను. కెమిస్ట్రీ వాళ్లకు ఆ రోజు పండగ. ఘంటంతో గీసిన గీతలో మసి రుద్దితే అక్షరం ఎందుకు తేలుతుంది, నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు ఎందుకు పెళుసు తగ్గుతుంది, పురుగు ఎందుకు దూరంగా ఉంటుంది, ఇవన్నీ వాళ్లు నాకు చెప్పాలి. ఆకును ముట్టుకోవద్దంటే ముట్టుకోకండి. ఐడీ కార్డు మరచిపోకండి.

అచ్చు పుస్తకాలకు ఎగ్మూరులో 1896 నాటి కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చేరాల్సిన గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు విభాగంలో మనుషులు తక్కువ, ఫ్యాన్ గాలి ఎక్కువ. చదువుకోవడానికి బాగుంటుంది.

వచన కవిత చెప్పరా? పద్యాలేనా?

చెబుతాను, సగం సెమిస్టర్ అదే. పద్యం గురించి ఇక్కడ ఎక్కువ రాయడానికి కారణం దాని గురించే ఎక్కువ భయపడతారు కాబట్టి. వచన కవితకు భయపడరు, భయపడాల్సింది నిజానికి దానికే. పాదం ఎక్కడ విరవాలో చెప్పే గణం లేదు, మీరే తేల్చుకోవాలి. లా విద్యార్థులు దీన్ని బాగా పట్టుకుంటారు, ఒక కామా ఎక్కడుందన్న దాని మీద కేసులు గెలవడం ఓడడం వాళ్లకు తెలుసు.

కవితలు జిరాక్స్ తీసి పంచడం తప్పు కాదా?

క్లాసులో పాఠం చెప్పడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. పాఠాల సంకలనాల జిరాక్స్ మీద వచ్చిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా విద్యార్థుల వైపే తీర్పు చెప్పింది. పంచడం వేరు, పుస్తకంగా వేసి అమ్మడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. కవి చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయారు, ఇబ్బంది లేదు. శ్రీశ్రీ ఇదే ఊళ్లో 1983లో పోయారు, ఆయన కవితలకు 2043 చివరిదాకా హక్కులున్నాయి. ఒక్క మాట: కవి బతికుండి పుస్తకం దొరుకుతుంటే, కొనండి. క్యాంటీన్‌లో రెండు పూటల ఖర్చు.

ప్రతిపదార్థం రాయాలా? మార్కులు ఎలా?

ప్రతిపదార్థం అడగను. ‘కవి హృదయం ఆవిష్కరించండి’ అనీ అడగను. మూడు పనులు. ఒకటి, ఒక కవితను పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపడం. రెండు, ఒక ఆటవెలదికి గణవిభజన, తప్పితే మళ్లీ చేయవచ్చు. మూడు, మీ సబ్జెక్టులో పనిముట్టు ఒకటి తీసుకుని ఒక కవిత మీద పెట్టి చూసి, అది ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ మొండికేసిందో రెండు పేజీలు. మొండికేసిన చోటు రాయకపోతే మార్కులు తగ్గుతాయి.

నేను కవిత్వం రాస్తాను, చూసి చెబుతారా?

చూస్తాను. క్లాసు అయ్యాక. డైరీ మొత్తం కాదు, ఒక్కటి.

మా అమ్మాయి ఇంజనీరింగ్. ఈ పేపరు తీసుకుంటే ప్లేస్‌మెంట్‌కు ఏమైనా ఉపయోగమా?

అమ్మా, అబద్ధం చెప్పలేను. దీనివల్ల ఉద్యోగం రాదు, దీనివల్ల పోదు కూడా. వారానికి మూడు గంటలు పోతాయి. మీ అమ్మాయి ఇంటికొచ్చి మీ అమ్మగారినో అత్తగారినో కూర్చోబెట్టి ‘నీకు ఏ పద్యాలు వచ్చు, చెప్పు’ అని వేధిస్తే మాత్రం, అది నేనిచ్చిన హోంవర్కే.

మొదటి క్లాసుకు ఏం తెచ్చుకోవాలి?

పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో ఎవరి నోటనైనా విన్న నాలుగు పాదాలు తెండి. పద్యమైనా, జోలపాటైనా, దంపుళ్ల పాటైనా, పొడుపు కథైనా సరే. రాసుకుని రావద్దు, నోట్లో పెట్టుకుని రండి. హాస్టల్లో ఉంటే ఇంటికి ఫోన్ చేసి చెప్పించుకోండి. మధ్యలో ఒక మాట మరచిపోతే పరవాలేదు, అది ఏమై ఉండవచ్చో అందరం కలిసి వెతుకుతాం. పెన్సిల్, రబ్బరు మాత్రం కావాలి. పెన్ను వద్దు, గురులఘువులు మొదటిసారి అందరూ తప్పే పెడతారు.